బడి మానేసిన డాక్టరు: లాంగ్డన్ డౌన్

డౌన్స్ సిండ్రోమ్ అన్న పేరు మన సైన్సు విద్యార్థులకి కొత్త కాదు. రెండు మార్కుల ప్రశ్న. 47 క్రోమోజోములని రాసి ముందుకు పోతాం. ఆ పేరు గల మనిషిని గురించి నాలుగు మాటలు చెబుతాను.

జాన్ లాంగ్డన్ డౌన్ 1828 నవంబరు 18న ఇంగ్లండులో టార్‌పాయింట్ అనే చిన్న వూళ్ళో పుట్టాడు. తండ్రిది మందులూ, పచారీ సామానూ అమ్మే కొట్టు. పద్నాలుగేళ్ళకే బడి మాన్పించి కొట్లో కూర్చోబెట్టారు. (చెనక్కాయలు పెరికే రోజుల్లో బడి ఎగ్గొట్టిన మాలాంటి వాళ్ళకి యిదేం వింత కాదు.) పద్దెనిమిదో యేట, జోరువానకి ఒక పల్లెయింట్లో తలదాచుకుంటే, బుద్ధి ఎదగని అమ్మాయి ఒకతె ఉపచారాలు చేసిందట. ఇలాంటివాళ్ళకి ఏమీ చెయ్యలేమా అన్న ఆలోచన అతన్ని మళ్ళీ వదల్లేదు. 1853లో లండన్ హాస్పిటల్‌లో చేరి వైద్యం చదివాడు.

బాగా చదివినవాడు, పట్నంలో ప్రాక్టీసు పెట్టి నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చు. అతను మాత్రం 1858లో ఎర్ల్స్‌వుడ్‌లోని బుద్ధిమాంద్యుల ఆశ్రమానికి సూపరింటెండెంటుగా పోయాడు. అక్కడివాళ్ళని కొట్టడం మాన్పించాడు, చేతిపనులు నేర్పించాడు. తలలు కొలిచి, ఫొటోలు తీసి, వివరాలు రాసిపెట్టాడు. వేరువేరు తల్లుల బిడ్డలైనా ఒక కడుపున పుట్టినట్టుండే పిల్లలు కొందరున్నారని 1866లో ప్రకటించాడు. వాళ్ళకి మంగోలుల పేరు తగిలించడం, తల్లిదండ్రుల క్షయరోగమే కారణమనుకోవడం మాత్రం రెండూ తప్పే. మంగోలియా అభ్యంతరం చెప్పాక 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వదిలేసింది.

అసలు కారణం 1959లో పారిస్‌లో లెజూన్, గోతియే, తుర్పాన్‌ల పరిశోధనలో బయటపడింది: 21వ క్రోమోజోము రెండుకి బదులు మూడుండటం. ఎక్కువగా తల్లి అండం తయారయ్యేటప్పుడే ఆ జత విడిపోక యిలా జరుగుతుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది.

ఈ ముక్క మా ఉదయగిరి మెట్టపల్లెల్లో తెలియాలి. మా చిన్నత్తకి యిలాంటి బిడ్డే పుట్టాడు. మేనరికం చేసుకున్నందుకేనని కొందరు, గ్రహణంనాడు బయట తిరిగిందని కొందరు. ఆత్మకూరులో బస్సు మారి నెల్లూరికి పోయి పరీక్ష చేయిస్తేగానీ జబ్బు పేరు తెలియలేదు. మేనరికంవల్ల వచ్చే జబ్బులు వున్నాయి, కాదనను. ఈ అదనపు క్రోమోజోముకి మాత్రం అది కారణం కాదు. కాగితంమీద బొమ్మ గీసి చూపిస్తే మా నాయన నమ్మాడు. అవ్వ యింకా నమ్మలేదు. అత్త ఆవిడ ఎదురుపడితే యిప్పటికీ తల వంచుకునే పోతుంది. ఆ పిల్లవాడు మాత్రం సాయంత్రం మేకల్ని ఒక్కటీ తప్పిపోకుండా దొడ్లోకి తోలతాడు.

నేర్పితే నేర్చుకుంటారన్నదే డౌన్ నమ్మకం కూడా. 1868లో భార్య మేరీతో కలిసి సొంతంగా నార్మన్స్‌ఫీల్డ్ అనే ఆశ్రమం పెట్టాడు. అక్కడి పిల్లల కోసం 1879లో ఏకంగా నాటకశాలే కట్టించాడు. 1896లో అతను పోయాక కొడుకులు రెజినాల్డ్, పెర్సివల్ దాన్ని నడిపారు. 1905లో రెజినాల్డ్‌కి పుట్టిన కొడుక్కి, తాత వర్ణించిన ఆ లక్షణాలే వున్నాయి. తాత పేరే పెట్టుకున్న ఆ జాన్ నార్మన్స్‌ఫీల్డ్‌లోనే పెరిగి, అరవై అయిదేళ్ళు బతికి, 1970లో కన్నుమూశాడు.