ఆఱుగురి ప్రయాణము – నాన్సెన్ చరిత్రము

ఉత్తర ధ్రువ ప్రాంతమున గ్రీన్‌లాండ్ అను ద్వీపము కలదు. ప్రపంచమునందలి ద్వీపములలో అదియే మిక్కిలి పెద్దది. పేరునకు పచ్చనినేల యని యర్థమేగాని, తీరమునందలి కొంత భూమి తప్ప తక్కినదంతయు మంచుచే కప్పబడియున్నది. ఆ మంచు కొన్నిచోట్ల మూడు కిలోమీటర్ల మందము కలది. దాని లోపల ఏమున్నదో బాహ్యప్రపంచమునకు చాలకాలము తెలియదు. నడుమ పచ్చని లోయలు కలవేమో యని తలచిన పండితులు సైతము ఉండిరి. ఆ మంచుభూమిని 1888వ సంవత్సరమున ఐదుగురు సహచరులతో గూడి కాలినడకను దాటినవాడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

నాన్సెన్ 1861వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన నార్వే దేశమున, నేడు ఓస్లో యని పిలువబడు క్రిస్టియానియా నగర సమీపమున జన్మించెను. తండ్రి న్యాయవాది. తల్లి మంచుపై స్కీలతో సంచరించుటయందు ఆసక్తి కలది. స్కీలనగా పాదములకు కట్టుకొను పొడవైన సన్నని కఱ్ఱపలకలు. వాని సాయమున మనుష్యుడు మంచులో దిగబడక జారుచు పోగలడు. నార్వేలో బిడ్డలు నడక నేర్చిన కొలది కాలమునకే స్కీలు కట్టుకొందురు. బాలుడైన నాన్సెన్ తమ్మునితో ఇంటివెనుకనున్న అడవులకు పోయి, ఏటిలో చేపలు పట్టి కాల్చుకొని తినుచు దినములు గడిపెడివాడు. వెంట ఏమి కొనిపోవలెను, ఏమి విడువవలెను అను విద్య అతనికి ఆ అడవులలోనే అలవడెను.

విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము చదువుచు, 1882లో సీలు జంతువుల వేటకు పోవు ఓడలో అతడు ఉత్తర సముద్రములకు పయనించెను. ఓడ మంచులో చిక్కుకొనియున్నప్పుడు దూరమున గ్రీన్‌లాండ్ తూర్పుతీరపు కొండలు కానవచ్చెను. మరుసటి సంవత్సరము, బెర్గెన్ నగరమునందలి ప్రదర్శనశాలలో ఉద్యోగము చేయుచుండగా, స్వీడను దేశపు అన్వేషకుడు నోర్డెన్‌షెల్డ్ గ్రీన్‌లాండ్ నుండి మరలివచ్చిన వార్తను వినెను. నోర్డెన్‌షెల్డ్ ద్వీపమును దాటలేకపోయెను గాని, అతని వెంటబోయిన లాప్ జాతివారు స్కీలపై బహుదూరము లోపలికి పోయివచ్చిరి. ఆ వార్త వినగానే స్కీలతో గ్రీన్‌లాండ్‌ను దాటవచ్చునను తలంపు నాన్సెన్ మనస్సున నాటుకొనెను.

అంతకుముందు ప్రయత్నించినవారిలో పెక్కుమంది జనులు నివసించు పశ్చిమతీరము నుండియే బయలుదేరిరి. ఇండ్లు, ఆహారము, ఓడలు, అన్నియు వారి వెనుకనుండెను. తూర్పుతీరమునకు చేరినను తీసికొనిపోవు ఓడ యుండదు గనుక వచ్చినదారినే మరల నడువవలెను. అందుచేత అలసట కలుగగానే మనస్సు వెనుకకు లాగెడిది. నాన్సెన్ ఆ పద్ధతిని తలక్రిందులు చేసెను. జనహీనమైన తూర్పుతీరమున దిగి పశ్చిమమునకు నడిచినచో, ఇల్లును ఆహారమును ముందేయుండును. వెనుక సముద్రము తప్ప ఏమియు నుండదు. వెనుకకు మరలు దారి లేనందున ముందునకే పోవలసివచ్చును.

ఇది అవివేకమని పెద్దలనేకులు పలికిరి. వారి భయమును తప్పుపట్టుటకు వీలులేదు. ఆఱుగురి ప్రాణముల మాట గదా! ఒక హాస్యపత్రికయైతే, ఈ యాత్రకు తిరుగు టిక్కెట్టు అక్కఱలేదని పరిహసించెను. నార్వే ప్రభుత్వము ధనమిచ్చుటకు నిరాకరించెను. తుదకు కోపెన్‌హేగన్ నగర వర్తకుడు గామెల్ 5,000 క్రోనులు ఒసగెను.

నాన్సెన్ తోడివారిని ఎన్నుకొనుటలో స్కీవిద్యకును దేహదార్ఢ్యమునకును ప్రాధాన్యమిచ్చెను. నావికుడైన ఓటో స్వెర్‌డ్రుప్, సైనికోద్యోగియైన డీట్రిక్సన్, రైతుబిడ్డయైన క్రిస్టియాన్‌సెన్ అను మువ్వురు నార్వేవారు కుదిరిరి. మంచులో మెలగుట ఎఱిగిన లాప్ జాతివారిని ఇరువురను పంపుమని ఉత్తరప్రాంతమునకు వ్రాసెను. ముప్పదికిని నలువదికిని నడుమ వయస్సు కలవారై, అవివాహితులై యుండవలెనని కోరెను. వచ్చినవారిలో బాల్టో ఇరువదియేడేండ్లవాడు. రావ్నా నలువదియైదు దాటినవాడు, భార్యయు ఐదుగురు బిడ్డలును కలవాడు. యోచన ఒకటి, దొరకినది మరియొకటి. అయినను నాన్సెన్ వారిని వెనుకకు పంపలేదు.

పరికరముల విషయమున అతని శ్రద్ధ చెప్పదగినది. బరువైన బండి మనుష్యుని చంపును. బలహీనమైన బండి నడుమ విరిగి అందఱిని చంపును. అందుచేత స్లెడ్జి అను జారుడుబండ్లను తేలికయైన గట్టికఱ్ఱతో చేయించి, అతుకులను మేకులతో గాక త్రాళ్లతో బిగింపించెను. బండి ఎగుడుదిగుడుల మీద వంగునేగాని విరుగదు. అడుగుపట్టెలు స్కీలవలె వెడల్పుగా నుండుటచే మెత్తని మంచులో దిగబడవు. వంటకు స్పిరిటు పొయ్యి నొకదానిని తానే రూపొందించెను. మాంసము ఉడుకుచుండగా, మీదికి పోవు వేడి వ్యర్థము గాక పైపాత్రలోని మంచును కరగించుచుండును. ఆ దేశమున త్రాగునీటికి మంచును కరగించుట తప్ప వేఱు మార్గము లేదు. ఇంధనము తరుగుటయనగా నీరు తరుగుటయే.

నిద్రించుటకు రెయిన్‌డీరు చర్మపు సంచులు రెండు సిద్ధమాయెను. ఒక్కొక్కదానిలో మువ్వురు దూరి, ఒకరి వేడిమిని ఒకరు పంచుకొనవలెను. డేరా ఐదు ముక్కలుగా విడదీయుటకు వీలైనది. దాని అడుగుగుడ్డను తెరచాపగా వాడవచ్చును. అయితే అతుకుల సందులగుండ మంచుపొడి లోపలికి దూరుటయు దానితోడనే వచ్చినది. సారాయిని నాన్సెన్ వెంట రానీయలేదు.

ఆహారమున మాత్రము ఒక పొరపాటు జరిగెను. ఎండుమాంసపు పొడిని క్రొవ్వుతో కలిపి ముద్దచేసిన పెమ్మికన్ అను పదార్థము మంచుదేశయాత్రికులకు ముఖ్యాహారము. నాన్సెన్‌కు సరఫరా చేయబడిన పెమ్మికన్‌లో క్రొవ్వు లేకుండెను. అది అతనికి చాల ఆలస్యముగా తెలిసెను. అప్పటికి మార్చుకొను వ్యవధి లేదు.

1888వ సంవత్సరము జూలై 17వ తేదీన ‘జేసన్’ అను ఓడ నుండి ఆఱుగురును రెండు పడవలలో దిగి తీరమునకు బయలుదేరిరి. కొలది గంటలలో ఒడ్డు చేరుదుమనుకొనిరి. కాని మంచుగడ్డలు పడవలను చుట్టుముట్టి, ఒకదాని పలకను బ్రద్దలుచేసెను. వారు పడవలను మంచుగడ్డ మీదికి లాగి, డేరా వేసికొని, ప్రవాహముతో దక్షిణమునకు కొట్టుకొనిపోయిరి. ఒకనాటి రాత్రి ఆ గడ్డ సముద్రపుటలల అంచునకు చేరెను. కావలియున్న స్వెర్‌డ్రుప్ తోడివారిని మేల్కొల్పుటకై డేరా తలుపు కొక్కెమును విప్పబోయి, ఇంకొక క్షణము చూతమని నిలిచెను. ఆ క్షణముననే ప్రవాహము మరలి గడ్డ తీరమువైపునకు సాగెను. జూలై 29వ తేదీన వారు నేలమీద కాలుమోపిరి. కాని అనుకొన్న చోటునకు అది బహుదూరము దక్షిణముగా నుండెను. మరల ఉత్తరమునకు తెడ్లు వేయుచు పోయి, ఆగస్టు 10వ తేదీన ఉమివిక్ అను చోటు చేరిరి. వేసవిలో విలువైన దినములనేకము ఇట్లు గడచిపోయెను.

ఆగస్టు నడుమ మంచుకొండ ఎక్కుట ఆరంభమాయెను. బండ్లు ఐదు. నాలుగింటిని ఒక్కొక్కరు లాగిరి. ఇనుమడి బరువుగల ఐదవదానిని నాన్సెన్, స్వెర్‌డ్రుప్ కలసి లాగిరి. నాయకుడు తన భుజమునకు తేలికబండిని ఎన్నుకొనలేదు. వర్షము మూడుదినములు వారిని డేరాలో బంధించెను. ఎదురుగాలి విడువకుండెను. వాయవ్యముననున్న క్రిస్టియాన్‌హాబ్ చేరవలెనని తొలి యోచన. ఋతువు మించిపోవుచున్నదని గ్రహించిన నాన్సెన్, నెలలకొలది ఆలోచించి గీచిన దారిని ఆగస్టు నెలాఖరున విడిచి, దగ్గఱిదారిని గోట్‌హాబ్ వైపునకు మరలెను. తోడివారందఱు సంతోషించిరి.

సెప్టెంబరు ఆరంభమున వారు సముద్రమట్టమునకు సుమారు 2,700 మీటర్ల ఎత్తునకు చేరిరి. రాత్రులందు చలి సున్నకు దిగువ 40 డిగ్రీలు దాటెను. పచ్చని లోయలు లేవు. ఎటు చూచినను మంచే. దప్పిక తీరుటకు మంచుకూరిన సీసాలను వక్షమున కట్టుకొని దేహపువేడిమిచే కరగించుకొనిరి. అన్నిటికంటె మించిన బాధ క్రొవ్వులేమి. కడుపునిండ తినినను ఆకలి తీరకుండెను. వారమునకొకమారు పంచబడు వెన్నముక్కకై అందఱు ఎదురుచూచెడివారు. తన వంతును ఒక్కమారే తినివేసి, తక్కిన దినములు ఇతరులను చూచుచు కూర్చుండెడివాడు క్రిస్టియాన్‌సెన్. బూట్లకు రాయు నూనెను త్రాగిన అపాయమా యని స్వెర్‌డ్రుప్ వంటి ధీరుడే ఒకనాడు నాన్సెన్‌ను అడిగెనట!

సెప్టెంబరు మూడవ వారమున ఒక చిన్న మంచుపిచ్చుక వారి చెంత వ్రాలెను. నేల సమీపించెననుటకు అదియే గుఱుతు. తరువాత గాలి అనుకూలించెను. బండ్లను జతకట్టి, తెరచాపలెత్తి, మంచు మీద నావలవలె జారుచు పోయిరి. సంధ్యవేళ ముందు ఏదో నల్లని గీత కనిపింపగా నాన్సెన్ బండిని ప్రక్కకు త్రిప్పి నిలిపెను. అది లోతైన బీట. ఇంకను కొన్ని అడుగులు పోయియుండినచో ఈ కథ చెప్పుటకెవ్వరును లేకుండెదరు.

సెప్టెంబరు 26వ తేదీన వారు పశ్చిమతీరమున సముద్రపుటొడ్డు చేరిరి. కాని గోట్‌హాబ్ ఇంకను దూరముననుండెను. నాన్సెన్, స్వెర్‌డ్రుప్ అచటి పొదల కొమ్మలతో చట్రము కట్టి, దానికి డేరా అడుగుగుడ్డను తొడిగి పడవ చేసిరి. ఇంటియొద్ద ఒక పనికై కుట్టించిన గుడ్డ ఇట్లు మూడుపనులకు ఉపకరించెను. నీరు నిరంతరము లోపలికి ఊరుచుండగా తోడుచునే అక్టోబరు 3వ తేదీన వారు గోట్‌హాబ్ చేరిరి. తక్కిన నలువురను కొలది దినములలో రప్పించిరి. ఆ సంవత్సరపు చివరి ఓడ అప్పటికే గోట్‌హాబ్‌ను విడిచి పోయెను. శీతకాలమంతయు నాన్సెన్ ఎస్కిమోల ఇండ్లకు పోవుచు, వారి భాషను, పడవ నడుపు విద్యను నేర్చుకొనెను. 1889 మే నెలలో ఆఱుగురును క్షేమముగా క్రిస్టియానియా చేరిరి. రేవున వేలకొలది జనులు ఎదురేగిరి.

1893లో నాన్సెన్ ‘ఫ్రామ్’ అను ఓడలో ధ్రువప్రాంతమునకు పోయెను. ఓడను నడిపినవాడు స్వెర్‌డ్రుప్. ఈమారు క్రొవ్వునకు కొఱత రానీయలేదు. పదుమువ్వురు పోయి, మూడేండ్లకు పదుమువ్వురును తిరిగివచ్చిరి. మొదటి ప్రపంచయుద్ధానంతరము యుద్ధబందీలను లక్షలకొలది స్వదేశములకు చేర్చు భారమును, దేశము లేని శరణార్థులకు ప్రయాణపత్రములు కల్పించు భారమును అతడు వహించెను. అవి నాన్సెన్ పాస్‌పోర్టులని ప్రసిద్ధికెక్కెను. 1922లో అతనికి నోబెల్ శాంతిబహుమానము లభించెను. 1930 మే 13వ తేదీన ఓస్లో సమీపమునందలి స్వగృహమున కన్నుమూసెను. ఆ యింటి తోటలోనే అతని సమాధి యున్నది.