అచ్చమాంబగారి ఆత్మసంస్కారము

బడి భాగ్యము లేనివారు విధిని నిందించుచు నూరకుండవలసినదే యని తలఁచువారు మనలో ననేకులు గలరు. అట్టివారు భండారు అచ్చమాంబగారి చరిత్రము నొకపరి తిలకింపవలెనని మా మనవి.

ఈమె 1874వ సంవత్సరమునఁ గృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జనించెను. పసితనముననే తండ్రి గతించెను. పదియేండ్ల ప్రాయమునఁ బెండ్లి జరిగెను. అప్పటికి విద్యాగంధమే లేదు. భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో నింజనీరుద్యోగి యగుటచేఁ గాపురము తెలుఁగుదేశమునకు దూరమయ్యెను. తల్లియుఁ దమ్ముఁడును ఆమెయొద్దనే యుండిరి. పిమ్మట ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకుఁ బూనుకొనిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారే యా తమ్ముఁడు. అతఁడు చదువుకొనుచుండఁగా నక్క ప్రక్కనఁ గూర్చుండి తెలుఁగును హిందీని నేర్చెను. క్రమముగా మరాఠీ, బంగాళీ, సంస్కృతములందును బ్రవేశము గడించెను. తనకంటెఁ జిన్నవానికి శిష్యురాలగుటకు సిగ్గుపడకపోవుటయే యామె యున్నతికిఁ దొలిమెట్టు.

కన్నబిడ్డ లిరువురును పసితనముననే మరణించిరి. ఇట్టి దెబ్బకు మనసు మొద్దువాఱుట లోకసహజము. ఆమె యన్ననో, అనాథబాలల నింటఁ జేర్చుకొని చదువు చెప్పించెను. తన చదువును విడువలేదు. దుఃఖము తీఱిన పిదపఁ బని మొదలిడుద మనువారి కా దినము రాదు. పనిలోనే దుఃఖము మెల్లఁగా నణఁగును.

స్త్రీలు బుద్ధిహీనలు, విద్య కనర్హలు అను వాద మానాఁడు బలముగా నుండెను. ఆమె తిట్టునకుఁ దిట్టు బదులీయలేదు. చరిత్రమునఁ బ్రసిద్ధికెక్కిన స్త్రీల జీవితములను సేకరించి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రథమభాగమును వెలువరించెను. నిందకు సాక్ష్యమే ప్రత్యుత్తర మయ్యెను. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితోఁ గూడి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను. తాను నేర్చినది తనతోనే నిలిచిపోరాదని యామె తలంపు. 1905 జనవరి 18వ తేదీన, ముప్పదియేండ్ల వయసుననే, ఆమె పరమపదించెను.

ఈ చరిత్రమును జదివి చేతులు జోడించినఁ జాలదు. రామకృష్ణాపురము మొదలగు సింగరేణి గనుల యూళ్లలోఁ బని ముగించుకొని యింటికి వచ్చిన తండ్రి, బడికిఁ బోవు కూఁతు ప్రక్కనఁ గూర్చుండి యామె పుస్తకమునుండియే యక్షరములు దిద్దుకొన్నఁ దప్పేమి? భూవసతియుఁ దీఱికయుఁ గల గృహస్థులకు మఱియొక బాధ్యత గలదు. అచ్చమాంబగారి పట్టుదలకుఁ దోడుగా నొక తమ్ముఁడు తన పాఠమును బంచుకొనెను. మీ యింటఁ బనిచేయువారిలో, మీ పొలమున నాఁగలి పట్టువారిలో, అక్షరము కొఱకెదురు చూచువా రెందఱో యెఱుఁగుదురా? దినమున కొక్కగడియ వారికిచ్చి చూడుఁడు. వారితోపాటు మీ మనసును బెరుఁగును.