మందు వెదకిన మనీషి: యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన ఉపాధ్యాయులలో వినని వారుండరు. అయితే పేరు ఎరిగినంతగా ఆయన పని ఎరిగినవారు తక్కువ. ఆయనను గూర్చి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనవారు ఒక పట్టిక చదువుతారు: ఏ.టి.పి., ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, బోదకాలు మందు, కాన్సరు మందు. అన్నిటినీ ఆయన ఒక్కరే కనుగొన్నట్లు చెప్పి, నోబెల్ బహుమానం ఇవ్వనందుకు లోకాన్ని నిందించి కూర్చుంటారు. ఈ పద్ధతి ఆయనకు న్యాయం చేయదని నా అభిప్రాయం. ఆ పట్టికలోని అంశాలలో ముఖ్యమైన కొన్నింటిని కలిపే దారమొకటి ఉన్నది. అది ఆయన ఇంటిలో జరిగిన రెండు మరణాలతో మొదలైనది.

తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం మూలాన సంసారం చితికినది. పిల్లవాడికి చదువుమీద లక్ష్యం తక్కువ, డబ్బు సంపాదించవలెనన్న తహతహ ఎక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి పారిపోయి, దారిలోనే పట్టుబడి తిరిగి వచ్చినాడు. రాజమహేంద్రవరంలో చదివి మెట్రిక్యులేషన్ తప్పినాడు, మరల తప్పినాడు. తల్లి వెంకమ్మగారు నగలు అమ్మి మద్రాసు పంపగా, అక్కడి హిందూ హైస్కూలునుండి మూడవసారి గట్టెక్కినాడు. ఒకటి రెండు పరీక్షలు తప్పిన విద్యార్థిని పనికిరానివానిగా తీర్మానించే అలవాటు మాలో, అనగా పాఠాలు చెప్పేవారిలో, నేటికీ పోలేదు కనుక ఈ విషయం జ్ఞాపకం చేస్తున్నాను.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన తరువాత ఆయన మనసు సన్యాసంవైపు మొగ్గినది. రామకృష్ణ మఠంలో చేరవలెననుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరినారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని వివాహమాడినారు. చదువు ఖర్చు చాలవరకు మామగారే భరించినారు. గాంధీమహాత్ముని పిలుపు విని విదేశీ వస్త్రం విడిచి, ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాగదిలో ప్రవేశించడం అక్కడి ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. సర్కారు వైద్యశాఖ తలుపులు మూసుకున్నవి. ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడుపవలసి వచ్చినది.

ఈ రోజులకు ముందువెనుకలలోనే ఆ కుటుంబంపై పిడుగు పడినది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది దినాల వ్యవధిలో మరణించినారు. వ్యాధి పేరు స్ప్రూ. మన వైద్యులు గ్రహణి అనే తెగులుకు దగ్గరిది. తిన్నది పేగులకు అంటదు. నాలుక పుండవుతుంది, నెత్తురు పలుచనవుతుంది, మనిషి చూస్తూ ఉండగానే క్షీణిస్తాడు. సుబ్బారావుగారికి సైతం ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడినారు. స్ప్రూకు మూలమేమి? మందేమి? ఆనాడు చెప్పగలవారెవరూ లేరు. ఉష్ణమండల వ్యాధులను చదువుటకు ఆయన హార్వర్డుకు బయలుదేరినది ఈ ప్రశ్నను మూటగట్టుకొనియే.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో, మామగారి సాయంతో 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరినారు. మూడేండ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్ళినారు. మన వైద్యపట్టం అక్కడ చెల్లలేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రంచేస్తూ, పగలు చదివి డిప్లొమా పొందినారు. ఆపైన హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునివద్ద చేరినారు.

అక్కడి మొదటి ఫలితం 1925లో వచ్చినది. రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరం పరిమాణాన్ని నీలిరంగు గాఢతనుబట్టి లెక్కకట్టే పద్ధతి అది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా అది లోకమంతటా ప్రయోగశాలలలో పాతుకొనిపోయినది. కొలిచే సాధనం చేతికి రాగానే కండరంలోని భాస్వరాన్ని కొలిచినారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. కండరం ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే కారణమని చెప్పి హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రజ్ఞులు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం పొంది ఉన్నారు. ఆ సిద్ధాంతం దీనితో నిలువలేకపోయినది. 1929లో ఏ.టి.పి., అనగా ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, వెలికి వచ్చినది. ప్రాణికోటి శక్తిని చిల్లర నాణెములుగా మార్చి ఖర్చుపెట్టుకొనేది దీని రూపంలోనే. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దీనినే కనుగొన్నాడు. కీర్తిలో ఇద్దరికీ పాలున్నదని ఒప్పుకొనడం మనకు చిన్నతనం కాదు.

1930లో పిహెచ్.డి. వచ్చినది గాని స్థిరమైన పదవి రాలేదు. ఆయన చేసిన పనిలో కొంత వెలుగుచూడక పోయినదనీ, ఇతరులు కొన్ని సంవత్సరాల తరువాత దానిని మరల కనుగొనవలసి వచ్చినదనీ ఆ ప్రయోగశాలలోనే పనిచేసిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో తెలిపినారు. ఈ హిచింగ్స్ పేరు మరొకసారి వస్తుంది.

స్ప్రూ ప్రశ్న మాత్రం ఆయనను విడువలేదు. జంతువుల కాలేయం తినిపిస్తే ఒక జాతి పాండురోగం నయమవుతున్నదని 1926లోనే తేలినది. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల పాండురోగం ఈస్టు సారంతో కుదురుతున్నదని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించినది. కాలేయంలోను ఈస్టులోను ఏదో ఒక పదార్థమున్నది. అది లేనిచో నెత్తురు పుట్టదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అతి స్వల్పంగా దానిని రాబట్టి, ఆకును తెలిపే లాటిను మాటను ఆధారంగా తీసుకొని ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. టన్నుల కొలది ఆకుకూర నూరి రోగులకు మందు ఇవ్వడం జరిగేపని కాదు. కృత్రిమంగా తయారుచేయగలిగితేనే ప్రయోజనం.

సుబ్బారావుగారు 1940లో హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరినారు. కొద్దికాలానికే పరిశోధనకు అధిపతి అయినారు. విశ్వవిద్యాలయం విడిచి వ్యాపార సంస్థలో చేరడం దిగజారుడని భావించేవారు ఆనాడూ ఉండినారు. ఆయనకు కావలసినది మందు. మనుషులూ పరికరాలూ అక్కడ దొరికినవి. రసాయన శాస్త్రజ్ఞులను, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులను ఒక్క పనికి కూర్చినారు. 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. ఆ విషయం ప్రకటించిన వ్యాసంపై పదహారుమంది పేర్లున్నవి. అధిపతి పేరు మొదటనూ లేదు, చివరనూ లేదు. అక్షరక్రమంలో ఎక్కడ రావలెనో అక్కడ, నడుమ ఉన్నది. కొద్దికాలంలోనే టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబాలో స్ప్రూ రోగులకు ఆ మందు ఇచ్చి లేవదీసినాడు. సోదరులను బలిగొన్న జబ్బుకు మందు దొరికేసరికి పాతికేండ్లు గడచినవి.

ఇక్కడ కథ ఊహించని మలుపు తిరిగినది. బోస్టన్ బాలల వైద్యశాలలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకాన్సరు సోకిన పిల్లలను చూస్తుండేవాడు. ఆ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాలో, నెలలో బతికేవారు. పాండురోగానికి మేలుచేసిన ఫోలిక్ ఆమ్లం దీనికీ మేలుచేస్తుందేమోనని ఆ జాతి పదార్థాన్ని లెడర్లీనుండి తెప్పించి ఇచ్చి చూచినాడు. జబ్బు మందగించకపోగా, విజృంభించినట్లు ఆయనకు తోచినది. మరొకరైతే ఇది తప్పు దారియని ఆ సీసాలు మూలపడవేసి ఉండేవారు. కాన్సరు కణానికి ఫోలిక్ ఆమ్లం ఇంత ప్రియమైన ఆహారమైతే, ఆ ఆహారాన్ని అడ్డుకోవలెనన్న ఆలోచన ఆ ఓటమినుండియే పుట్టినది.

అడ్డుకొనుట ఎట్లు? సుబ్బారావుగారి బృందంలోని డోరిస్ సీగర్ మొదలైనవారు ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోట ఉండవలసిన ఆమ్లజనికి బదులు అమైనో సముదాయాన్ని కూర్చినారు. చూడబోతే ఫోలిక్ ఆమ్లమే, కాని నకిలీ. దొంగ తాళంచెవి తాళంలో దూరుతుంది గాని తిరగదు; అసలు చెవికి చోటూ ఇవ్వదు. ఈ నకిలీని ఆహారమనుకొని పట్టుకొన్న కణం డి.ఎన్.ఏ.ను తయారుచేసుకోలేక విభజన ఆపివేస్తుంది. దీనికి అమినోప్టెరిన్ అని పేరు. 1947 డిసెంబరు చివర ఫార్బర్ దీనిని వాడనారంభించినాడు. చావు తప్పని పిల్లలను సూదులతో బాధపెట్టడమెందుకని సహవైద్యులలో కొందరు ముఖం చిట్లించినారు. 1948 జూన్ 3న ఫలితాలు అచ్చయినవి: పదహారుమంది పిల్లలలో పదిమందికి జబ్బు తగ్గుముఖం పట్టినది. అది తాత్కాలికమేనని వ్యాసం పేరులోనే ఫార్బర్ నిజాయితీగా చెప్పినాడు. ఆ పిల్లలకు జబ్బు తిరగబెట్టినది కూడా. అయినా ఒక రసాయనం ఇచ్చి రక్తకాన్సరును వెనుకకు నెట్టవచ్చునని మొదటిసారి రుజువైనది అప్పుడే.

తక్కిన మందుల మాట క్లుప్తంగా చెప్పవచ్చును. ఆరియోమైసిన్‌ను కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. డెబ్బది దాటి పదవీవిరమణ చేసిన ఆ వృక్షశాస్త్రజ్ఞుణ్ణి పిలిచి పని అప్పగించినవారు సుబ్బారావుగారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ 1947లో ఆయన నాయకత్వాన వచ్చినది. గోదావరి డెల్టాలో పుట్టినవారికి బోదకాలు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

భార్యకు ఇచ్చిన మూడేండ్ల మాట ఏమైనది? ఆయన తిరిగి రాలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు తండ్రి ముఖం చూడకనే నెలల పసివాడుగా మరణించినాడు. శేషగిరిగారు జీవితాంతం ఎదురుచూచినారు. పరిశోధన గొప్పది కనుక ఇది లెక్కలోనికి రాదని కొందరు సమర్థిస్తారు. నేను సమర్థించలేను. ఆ మందులకు మూల్యం చెల్లించినవారిలో ఆమె ఒకరు. ఆమె సమ్మతిని ఎవరూ అడుగలేదు.

భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే అవకాశం 1946 చట్టంతో వచ్చినా ఆయన పౌరుడు కాకుండానే ఉండిపోయినారు. 1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. ఫార్బర్ వ్యాసం వెలువడి అప్పటికి రెండు నెలలు దాటినది. వయస్సు 53.

అమినోప్టెరిన్‌ను కొంచెం మార్చగా వచ్చినదే మిథోట్రెక్సేట్. సీగర్ బృందం దానిని 1949లో ప్రకటించినది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్స్ దీనితో గర్భసంబంధమైన ఒక కాన్సరును పూర్తిగా నయంచేసినారు. పిల్లల రక్తకాన్సరుకు హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ తయారుచేసిన మెర్కాప్టోప్యూరిన్‌ను, మిథోట్రెక్సేట్‌ను కలిపి ఇవ్వడం నేటికీ చికిత్సలో భాగం. వారిద్దరికీ 1988లో నోబెల్ లభించినది. సంపన్నదేశాలలో నేడు ఆ జబ్బు సోకిన పిల్లలు నూటికి సుమారు 90 మంది బతుకుతున్నారు.

కీళ్ళవాతానికి ఈ మందు వాడడం వేరొక కథ. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌తో కీళ్ళ వాపు తగ్గడం గమనించినాడు; మిథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి అమెరికా ప్రభుత్వం అంగీకరించేసరికి 1988 వచ్చినది. కీళ్ళవాతంలో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే స్వంత కీళ్ళపై దండెత్తుతాయి. కొద్ది మోతాదులో ఇచ్చిన మిథోట్రెక్సేట్ కణాల వెలుపల ఎడినోసిన్ పరిమాణాన్ని పెంచుతుందనీ, ఆ ఎడినోసిన్ రోగనిరోధక కణాలకు శాంతించమని సంకేతం అందిస్తుందనీ శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. కొన్ని కాన్సరు గడ్డలు అదే సంకేతాన్ని దొంగిలించి, తమను చంపవచ్చే కణాలను జోకొట్టి పడుకోబెడతాయి. ఈ ఎడినోసిన్ ఏ.టి.పి. అణువులోని భాగమేనని విద్యార్థులు గుర్తించి ఉంటారు.

1953లో మురుగునీటిని శుద్ధిచేసే వడపోతలలో దొరికిన ఒక శిలీంధ్రానికి హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేసినాడు. భారత ప్రభుత్వం 1995లో, శతజయంతి సందర్భాన, ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసినది.