అమృతాంజనం అమ్మి పత్రిక నడిపిన పంతులుగారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. నేను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని ఎంచుకున్నాను. దేశోద్ధారక అనీ, విశ్వదాత అనీ ఆయన బిరుదులు మనమందరం చిన్నప్పటి నుంచీ విన్నవే. అయితే ఆ బిరుదులు రాకముందు ఆయన ఒక కంపెనీలో ఉద్యోగి. ఆ తరువాత సొంత సరుకు తయారుచేసి అమ్ముకున్న వర్తకుడు. పత్రికాధిపతి అయింది అటుపిమ్మటనే. ఈ వరుసను మనవాళ్లు అంతగా పట్టించుకోరు. నేను 33 సంవత్సరాలు లెక్కల సెక్షన్‌లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక ఎవరి జీవితం చదివినా జమా ఖర్చుల వైపే చూపు పోతుంది. ఆ చూపుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి బుచ్చయ్య గారు, తల్లి శ్యామలాంబ గారు. మొదటి చదువు స్వగ్రామంలోను, తరువాత మచిలీపట్నంలోను జరిగింది. పై చదువు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో. 1891లో పట్టభద్రులయ్యారు. విద్యార్థిగా ఉన్న రోజులలోనే కందుకూరి వీరేశలింగం పంతులు గారి వివేకవర్ధని పత్రిక ఆయన మనసులో నాటుకుంది. అచ్చు కాగితానికి ఎంత బలముందో అప్పుడే ఆయనకు తెలిసింది.

ఆ కాలంలో డిగ్రీ చేతికి వచ్చినవానికి సర్కారు కొలువు దొరకడం అంత కష్టం కాదు. కచేరీలో గుమాస్తాగా చేరితే తాసీల్దారు కావచ్చు, ప్లీడరు పరీక్ష రాసి కోర్టుకు వెళ్లవచ్చు. ఇంట్లోవాళ్లు కోరుకునేదీ అదే. పంతులుగారు ఆ దారి పట్టలేదు. కొంతకాలం మద్రాసులో వ్యాపారపు పని చూశారు. అక్కడినుంచి కలకత్తా వెళ్లి మందుల వ్యాపార సంస్థలో పనిచేస్తూ మందుల తయారీ నేర్చుకున్నారు. తరువాత బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీలో ఉద్యోగం చేశారు. మూడు నగరాలు, పరాయి భాషలు, పైవారి కింద కొలువు. దీనిని తిరుగుళ్లు అని ఊళ్లోవాళ్లు అనుకుని ఉండవచ్చు. కానీ సరుకు ఎలా తయారవుతుంది, ఎలా ప్యాకింగు అవుతుంది, ఎవరి చేతిమీదుగా కొనేవాడి ఇంటికి చేరుతుంది అనే విద్య ఆయనకు అబ్బింది ఈ తిరుగుళ్లలోనే.

1893లో, 26 సంవత్సరాల వయసులో, బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. తలనొప్పికి రాసుకునే పసుపుపచ్చని లేపనం. మందు మంచిదైనంత మాత్రాన జనం కొంటారా? కొత్త మందును నమ్మేదెవరు? అందుకు పంతులుగారు ఎంచుకున్న ఉపాయం చూడండి. సంగీత కచేరీలు జరిగే చోట అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టించారు. గంటల తరబడి జనం మధ్య కూర్చుని పాట విన్నవాడికి తల బరువెక్కడం సహజం. ఆ సమయానికి చేతిలో మందు ఉంటే ఒకసారి రాసి చూస్తాడు. గుణం కనిపిస్తే మరునాడు అంగడిలో పేరు పెట్టి అడుగుతాడు. ఇవాళ మార్కెటింగు అని పిల్లలు కాలేజీలలో ఫీజులు కట్టి నేర్చుకుంటున్న చదువులో మొదటి పాఠం ఇదే. మనిషి ఎక్కడ కూర్చుంటాడు, అప్పుడు అతనికి ఏది అవసరమవుతుంది అని ఆలోచించడం.

ఇక పత్రిక సంగతి. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు వెళ్లారు. అతివాదులు, మితవాదులు చీలిపోయిన సభ అది. దేశంలో ఇంత జరుగుతుంటే తెలుగువానికి తన భాషలో తెలియజెప్పే మంచి పత్రిక కావాలని ఆయనకు గట్టిగా అనిపించింది. 1908 సెప్టెంబరులో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. అప్పటికి ఆయన వయసు 41 సంవత్సరాలు. అమృతాంజనం పెట్టి 15 సంవత్సరాలు గడిచాయి. ఈ 15 అనే అంకెను పాఠకులు గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

పత్రిక లెక్క ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. ఖర్చు ముందు, రాబడి వెనుక. కాగితం, సిరా, కంపోజిటర్ల జీతాలు, తపాలా ఖర్చు ఏ వారానికి ఆ వారం చెల్లించాలి. చందాదారు ఒక సంవత్సరం కడతాడు, మరుసటి సంవత్సరం మరచిపోతాడు. ఏజెంటు అమ్మిన కాపీల డబ్బు బాకీ పెడతాడు. ప్రకటన ఇచ్చే వ్యాపారి పత్రికకు చదువరులు పెరిగితే గాని రాడు. చదువరులు పెరగాలంటే పత్రిక ముందు కొన్నాళ్లు నిలబడాలి. పైగా ఆంధ్రపత్రిక అచ్చయ్యేది బొంబాయిలో, చదివేవారిలో ఎక్కువమంది ఉండేది తెలుగు జిల్లాలలో. ఎందరో ఉత్సాహవంతులు పెట్టిన పత్రికలు మూన్నాళ్లకే ఆగిపోవడానికి కారణం దేశభక్తి లేక కాదు, ఈ ఖాతా సరిపడకనే. పంతులుగారి పత్రిక నిలిచింది ఎందుకంటే దాని వెనుక ఇంకొక ఖాతా ఉంది. అమృతాంజనం జమలో పడినది పత్రిక ఖర్చులోకి వెళ్లింది. తలనొప్పి మందు లాభంతో తెలుగువారు వార్తలు చదువుకున్నారు.

1914లో ఆయన పత్రికను మద్రాసుకు తరలించి ఏప్రిల్ 1 నుంచి దినపత్రికగా నడిపారు. చదువరి ఉన్న చోటికి పత్రిక దగ్గరయింది. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలై, ఏ రోజు వార్త ఆ రోజు తెలుసుకోవలసిన అవసరం మన పల్లెలకు సైతం వచ్చింది. వీటికి తోడు ఉగాది సంచికలు వేశారు. పండుగ నాటికి ఇంటికి కొత్తబట్టలు వచ్చినట్టే ఒక పెద్ద పుస్తకం రావడం, అందులో వ్యాసాలు, కవిత్వం, బొమ్మలు ఉండడం తెలుగు ఇళ్లకు అలవాటైంది. ఏడాది పొడుగునా దాచుకునే పుస్తకమంటే ప్రకటన ఇచ్చేవాడికి కూడా లాభమే కదా.

1924 జనవరిలో భారతి మాసపత్రిక ప్రారంభించారు. చరిత్ర, శాసనాలు, భాషా పరిశోధన, కథలు, పద్యాలు అన్నిటికీ అది వేదిక అయింది. భారతిలో రచన పడితే రచయిత అయినట్టే అని ఒక తరం అనుకునేది. 1926లో ఆంధ్రగ్రంథమాల స్థాపించి పాత గ్రంథాలను చవకగా అచ్చువేశారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో కాలం చేయడంతో ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిని కూడా తరువాత తన భుజాన వేసుకున్నారు. ఇవేవీ లాభం వచ్చే పనులు కావు. ఖర్చు ఏ పద్దులో పోతున్నదో తెలిసి చేసిన ఖర్చులు.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆయన జైలుకు వెళ్లారు. అక్కడ కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మద్రాసులో ఆయన ఇంట్లోనే కుదిరింది. ఆ ఇంటి పేరే ఒడంబడికకు నిలిచింది. 1938 ఏప్రిల్ 11న ఆయన పరమపదించారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1వ తేదీని చూడలేదు.

ఈ జీవితమే ఎందుకు ఎంచుకున్నానంటే, మా ఇంట్లో ఈ ఏడాది ఇదే చర్చ. మా మనవరాలు బి.కాం. పూర్తిచేసింది. హైదరాబాదులో ఒక పత్రికలో చందాలు, ప్రకటనల విభాగంలో ఉద్యోగం వచ్చింది. వాళ్ల నాన్న, అంటే మా అబ్బాయి, గ్రూప్ పరీక్షలు రాయమంటాడు. పత్రికలు అమ్ముకునే పని చేస్తుందని సంబంధం చూసేవాళ్లతో ఏమని చెప్పాలని అతని బాధ. ఆ భయం ఉత్తిది కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు కొన్ని తెలుగు వారపత్రికలు అచ్చు ఆపేశాయి. ఉద్యోగాలు పోయినవారిని మనం చూశాం. నెలనెలా పింఛను పడే ఇంట్లో పెరిగినవాడికి అటువంటి కొలువు గాలిలో దీపంలా కనిపించడం సహజం.

నేను ఇద్దరికీ పంతులుగారి కథే చెప్పాను, కాకపోతే చెరొక ముక్క. అమ్మడం చిన్నతనమైతే దేశోద్ధారకుడు అనే మాట మనకు ఉండేది కాదని అబ్బాయికి చెప్పాను. అమ్మాయికి చెప్పింది ఆ 15 సంవత్సరాల సంగతి. ఒకరి కింద చేరి పని నేర్చుకో, చందాదారుడు ఎందుకు మానేస్తున్నాడో వాడి గుమ్మం దగ్గర నిలబడి తెలుసుకో, నువ్వు చేరే పత్రికకు జీతాలు ఏ ఖాతాలోంచి వస్తున్నాయో మొదటి నెలలోనే కనుక్కో అన్నాను. వెనుక అమృతాంజనం లేని పత్రికలే ఎక్కువ. ప్రస్తుతానికి ఆమె ఉద్యోగంలో చేరింది. రాత్రిపూట పరీక్షలకు కూడా చదువుకుంటోంది. ఏది నిలుస్తుందో కాలమే చెప్పాలి.

పంతులుగారి తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికలను నడిపి 1972లో దివంగతులయ్యారు. ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం మాత్రం 130 ఏళ్లు దాటినా అంగళ్లలో దొరుకుతూనే ఉంది. లెక్కల మనిషిగా చూస్తే ఆదాయం మిగిలింది, ఖర్చు ఆగింది. కానీ ఆ ఖర్చుతో వచ్చిన పుస్తకాలు, సంచికలు నేటికీ పరిశోధకులకు ఆధారం. తలనొప్పి తగ్గినవాడు సీసాను మరచిపోయాడు, భారతి చదివినవాడు సంచికను బీరువాలో దాచుకున్నాడు.

మన వయసువారికి చివరిగా ఒక మాట. భారతి పెట్టేనాటికి పంతులుగారికి 57వ ఏడు నడుస్తోంది. మనలో చాలామందికి 58కి పూలదండ వేసి ఇంటికి పంపారు. ఆయన అప్పుడు కొత్త ఖాతా తెరిచారు. మనం అంత చేయలేకపోయినా ఇంత చేయవచ్చు. సభ్యుల ఇళ్లలో అటకమీద పాత ఉగాది సంచికలు గానీ, భారతి సంపుటాలు గానీ ఉంటే దయచేసి పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. మన సంఘం పఠనమందిరానికి ఇవ్వండి. బైండింగు ఖర్చు నా పింఛనులోంచి పెట్టుకుంటాను.