డీజిల్ అనేది ఒక మనిషి పేరు

కంచికచర్ల మీదుగా పోయే హైదరాబాద్–విజయవాడ హైవేపై లారీలకు రాత్రీ పగలూ తేడా ఉండదు. జగ్గయ్యపేట సిమెంటు, పరిటాల, దొనబండ క్వారీల కంకర, నందిగామ వైపు పత్తి, మిర్చి అన్నీ ఆ ఇంజన్ల మీదే కదులుతాయి. లారీ తోలేవాళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ పని చేసే మేస్త్రీలు మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. రోజుకు పదిసార్లు డీజిల్ అంటాం. అది ఒక మనిషి ఇంటిపేరని మాత్రం చాలామందికి తెలియదు. ఆయనే రుడాల్ఫ్ డీజిల్. నూనె ఖర్చు తగ్గించే ఇంజన్ని లోకానికి ఇచ్చి, తను మాత్రం అప్పుల్లో పోయిన మనిషి.

1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. అమ్మానాన్నలు జర్మన్లు. నాన్న పుస్తకాలు బైండింగ్ చేసి, తోలు సామాన్లు తయారుచేసి ఇల్లు నడిపేవారు. 1870లో ఫ్రాన్స్‌కూ జర్మన్లకూ యుద్ధం రావడంతో వీళ్లు పారిస్ వదలాల్సి వచ్చింది. కట్టుబట్టలతో లండన్ చేరారు. అక్కడ పూట గడవక, పన్నెండేళ్ల పిల్లాణ్ణి ఒక్కణ్ణే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు బంధువుల ఇంటికి పంపేశారు. పుట్టిన ఊళ్లో పరాయివాడైపోవడం అంటే ఏంటో ఆ వయసుకే తెలిసొచ్చింది.

చదువులో మాత్రం వెనక్కి తగ్గలేదు. మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పిపోయింది. తర్వాత 1880లో రాసి మంచి మార్కులతో పాసయ్యారు. ఐసు తయారుచేసే యంత్రాలకు పేరుబడ్డ కార్ల్ ఫాన్ లిండే అక్కడ ఆయనకు ప్రొఫెసరు. ఆయన కంపెనీలోనే ఉద్యోగం దొరికింది.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలన్నీ ఆవిరి ఇంజన్ల మీద నడిచేవి. బొగ్గులో ఉన్న వేడిలో పదో వంతు కూడా పనికి వచ్చేది కాదు. నేను చదివింది కామర్స్ కాబట్టి నా లెక్కలో చెబుతా. వంద రూపాయల బొగ్గు కొంటే తొంభై రూపాయలు పొగగొట్టంలోంచి పోయినట్టే. డీజిల్‌ని పట్టుకుని వదలనిది ఈ లెక్కే. మొదట అమ్మోనియా ఆవిరితో ప్రయత్నిస్తే ఇంజన్ పేలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు.

తర్వాత దారి మార్చారు. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు కింది భాగం వేడెక్కడం అందరం చూసిందే. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఇంకా ఇంకా నొక్కితే, అందులో నూనె పడగానే దానంతటదే అంటుకుంటుంది. స్పార్కు ప్లగ్గు అక్కర్లేదు. 1893 ఫిబ్రవరిలో దీనికి పేటెంటు వచ్చింది. ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టాయి. ఆ ఏడాది ఆగస్టు 10న మొదటిసారి పరీక్షిస్తే ప్రెషరు కొలిచే పరికరం పగిలి ముక్కలు ఎగిరాయి, పెద్ద ప్రమాదమే తప్పింది. కానీ నూనె అంటుకుంది. అది చాలనుకున్నారు. ఇంకో మూడున్నరేళ్లు అదే షెడ్డులో కష్టపడ్డారు. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ కొలిచి చూస్తే, నూనెలోని వేడిలో 26.2 శాతం పనిగా మారుతోందని తేలింది. అప్పటిదాకా ఏ ఇంజనూ అంత ఇవ్వలేదు.

డబ్బు వరదలా వచ్చింది. అమెరికా హక్కులకు అడాల్ఫస్ బుష్ ఒక్కరే పది లక్షల మార్కులు ఇచ్చారు. 1900 పారిస్ ప్రదర్శనలో ఈ రకం ఇంజన్ ఒకటి వేరుశనగ నూనెతో కూడా నడిచింది. అయితే కొన్నవాళ్ల దగ్గర మొదటి ఇంజన్లు మొరాయించాయి. పేటెంటు తగాదాలు, తలనొప్పులు, ఆరోగ్యం పాడవడం అన్నీ ఒక్కసారే వచ్చాయి. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టుకున్నారు. భూముల్లో, చమురు బావుల్లో పెట్టిన సొమ్ము మునిగింది. ఇంజన్‌లో చుక్క నూనె వృథా కానివ్వని మనిషి చేతిలోంచి సొంత డబ్బు ఇలా కారిపోవడం నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

ఆయన బతికుండగా ఈ ఇంజన్ ఓడల్లోకి ఎక్కింది, లారీలోకి ఎక్కలేదు. నూనెను సిలిండరులోకి ఊదడానికి పెద్ద కంప్రెసరు కావాలి, ఆ బరువు బండి మోయలేదు. 1908లో చిన్న ఇంజన్ చేసి చూశారు, అదీ కుదరలేదు.

1913 సెప్టెంబరు 29న ఆంట్‌వర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కారు. ఇంగ్లండ్‌లో కంపెనీ మీటింగు ఉంది. రాత్రి భోజనం చేసి, పొద్దున్నే లేపమని చెప్పి గదికి వెళ్లారు. తెల్లారి చూస్తే పక్క నలగలేదు, మనిషి లేరు. కొన్ని రోజులకు సముద్రంలో డచ్చి నావికులకు ఒక శవం కనిపించింది. జేబులోని వస్తువులు తీసుకుని శవాన్ని నీళ్లలోనే వదిలేశారు. ఆ వస్తువుల్ని చూసి కొడుకు గుర్తుపట్టారు. ఆత్మహత్య అని ఎక్కువమంది రాశారు, చంపేశారన్నవాళ్లూ ఉన్నారు. ఇప్పటికీ తేలలేదు. సమాధి లేదు. భార్యకు మిగిలినవి ఖాళీ ఖాతాలు, అప్పులు.

పదేళ్లు తిరిగేసరికి లారీ తయారైంది. కంప్రెసరు లేకుండా నూనెను నేరుగా కొట్టే పద్ధతి వచ్చింది. 1923లో బెంజ్ లారీ, తర్వాతి ఏడాది మాన్ లారీ. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. మన ఆటోనగర్ పంపు షాపుల్లో బాగుచేసేది ఆ వంశంలోదే. 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టారు. ముందు నక్షత్రం గుర్తుతో వచ్చిన టాటా మెర్సిడెస్‌ను పాత డ్రైవర్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

అంతకాలం ఎందుకు మన్నుతాయి? లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి బ్లాకు, క్రాంకు మందంగా పోయాల్సిందే. పెట్రోలు ఇంజన్ కంటే నిదానంగా తిరుగుతుంది, అరుగుదల తక్కువ. రింగులు పోతే ఇంజన్ దించి లైనర్లు, పిస్టన్లు మార్చి, క్రాంకు గ్రైండింగ్ చేయిస్తే అదే బ్లాకు మళ్లీ లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. ఆటోనగర్‌లో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది ఈ పనే.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్–6 బండ్లు వచ్చాయి. సెన్సర్లు, స్కానర్లు లేకుండా ముట్టుకోలేం. చెవితో విని ఏ నాజిల్ పోయిందో చెప్పే మేస్త్రీలు ఇప్పుడు కొడుకుల్ని పక్కన కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్ చూస్తున్నారు. లోపల మాత్రం గాలిని నొక్కితేనే నూనె అంటుకుంటోంది, 1893లో అంటుకున్నట్టే.