దారి తెలియని భీమవరం కుర్రాడు

మొన్న వేసవిలో మా అక్క కూతుళ్లిద్దరూ భీమవరంలో మా ఇంటికి వచ్చారు. పెద్దదానికి మూడో నెల. చిన్నది రాజమండ్రిలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పెద్దది వేవిళ్లతో మంచం దిగదు. చిన్నది దిగులుతో కంచం ముందు కూర్చోదు. ఇద్దరిలో ముందు ఎవరిని బతిమాలాలో తెలియక వారం రోజులు సతమతమయ్యాను.

పెద్దదాని సంగతి సరే, కాలమే తీర్చాలి. చిన్నదాని బాధే నాకు ముందు అర్థం కాలేదు. తీరా కదిపితే తేలిందేమిటంటే, కనపడ్డవాళ్లంతా డిగ్రీ అయ్యాక ఏం చేస్తావని అడుగుతున్నారట. వాళ్ల నాన్న ఎంసీఏ అంటాడు. మేనమామ బ్యాంకు కోచింగ్ అంటాడు. పక్కింటావిడ అయితే ఆడపిల్లకి బీఈడీని మించింది లేదని తేల్చేసింది. తోటి పిల్లలందరికీ ఏదో ఒక జవాబు ఉంది. దీనికే లేదు. జవాబు లేకపోవడం ఓ పెద్ద తప్పయినట్టు అందరూ చూస్తున్నారని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నేనేం చెప్పను? ఆ వయసులో నాకు మాత్రం ఏం తెలుసు? స్నేహితురాలు చేరిందని బీఎస్సీలో చేరాను. జువాలజీ రికార్డులో వానపాము బొమ్మకి రంగులు దిద్దడం తప్ప ఇంకేం గుర్తులేదు. తర్వాత పెళ్లి, పిల్లలు. స్టవ్ మీద పప్పు ఉడుకుతుండగా పాత డైరీలో మొదటి కథ రాసేనాటికి ముప్ఫయ్యేళ్లు దగ్గరపడ్డాయి. అలాంటిదాన్ని ఇంకొకరికి దారి చూపించడమా!

ఆ రాత్రి భోజనాలయ్యాక చిన్నది వాళ్లక్కకి మందు అందిస్తూ, ఆ అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివింది. ఫోలిక్ యాసిడ్. చిన్న పసుప్పచ్చ మాత్ర. దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించినవాడు ఈ ఊళ్లోనే పుట్టాడని నీకు తెలుసా అని అడిగాను. తెలియదంది. కెమిస్ట్రీ చదివే పిల్లకి తెలియకపోవడమేమిటని విసుక్కోబోయి ఆగాను. నాకు మాత్రం బీఎస్సీ అయ్యేదాకా తెలుసా ఏమిటి? అట్ట మీద ఆయన పేరు ఉండదు కదా.

ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి జగన్నాథంగారిది ప్రభుత్వోద్యోగమే గానీ, ఆరోగ్యం పాడై అర్ధాంతరంగా మానుకోవలసి వచ్చింది. ఇంటి బరువంతా తల్లి వెంకమ్మగారి మీద పడింది.

ఈ కుర్రాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్లప్పుడు తోడు ఒకణ్ని వెంటేసుకుని కాశీ ప్రయాణం కట్టాడు. ఎందుకనుకున్నారు? అక్కడ యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని! ఇంట్లో ఇబ్బంది చూసి ఆ పసివాడికి తోచిన ఉపాయం అది. వెంకమ్మగారు ఊరుకోలేదు. వెనక్కి పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూచోబెట్టారు. రాజమండ్రిలో చదివించారు. అయినవాళ్ల చావులు ఒకదాని వెనక ఒకటి చూసిన రోజులవి. మనసు నిలవలేదు, మెట్రిక్ పరీక్ష తప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తల్లి ఒంటిమీద బంగారం అమ్మి చదువు సాగించారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. ఇంతలో 1913లో తండ్రి పోయాడు.

ఇక్కడిదాకా వినేసరికి చిన్నది లేచి మఠం వేసుకుని కూర్చుంది. తను ఇంతవరకూ ఒక్క సబ్జెక్టు కూడా తప్పలేదని దానికప్పుడు గుర్తొచ్చినట్టుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేరాడు. లెక్కల్లో మంచి చురుకు. అందులోనే పైకి వెళతాడని మేష్టర్లు అనుకున్నారు. అతని మనసేమో రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసం పుచ్చుకుందామనుకున్నాడు. తల్లి అనుమతి తెచ్చుకోమన్నారు మఠంవాళ్లు. ఆవిడ ససేమిరా అన్నారు. మరి సేవే చెయ్యాలని ఉంటే వైద్యం చదువుకో, మఠం ఆసుపత్రుల్లో పనికొస్తావని అక్కడి పెద్దలు సలహా ఇచ్చారు. అలా మెడిసిన్‌కి వచ్చాడు. డాక్టరు కావాలని చిన్నప్పట్నుంచీ కలగన్నవాడేం కాదు. సన్యాసి కాబోయి అటు దారి మూసుకుపోతే డాక్టరు చదువులోకి వచ్చినవాడు!

1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అక్కడ ఉండగానే 1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకి డబ్బు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెట్టాడు. మామూలుగా కడితే సరిపోయేది. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ అనే దొరకి అది కంటగింపయింది. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ ఇవ్వలేదు. అంతకన్నా కింది మెట్టయిన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. ఆ పట్టా చూసి ప్రభుత్వ వైద్యశాఖలో కొలువివ్వలేదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, మామగారి డబ్బుతో చదివి, మంచి మార్కులు పోగొట్టుకుని, ఉద్యోగం దొరక్క తిరుగుతున్న అల్లుడు. చుట్టాలు ఏమనుకుని ఉంటారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఇంటి మీద పడ్డ అసలు పిడుగు ఇది కాదు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పట్లో దానికి మందు లేదు. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో దానికే బలయ్యారు. ఎనిమిది రోజుల్లో ఇద్దరు కొడుకులు! ఆ తల్లి ఎలా తట్టుకుందో. సుబ్బారావుకీ అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు మందిచ్చి బతికించారు. (ఈయన భార్య రుక్మిణీ లక్ష్మీపతిగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినావిడ, తర్వాత ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆరోగ్యమంత్రి. ఆవిడ గురించి ఇంకోసారి తీరుబడిగా రాయాలి.) ఇంగ్లీషు వైద్యం చదివిన సుబ్బారావు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాడు. మూలికల్లో మందు ఉన్న మాట నిజం, తన ప్రాణమే సాక్షి. కానీ ఏ పదార్థం పనిచేసింది? ఎలా చేసింది? ఆ తపన పట్టుకుంది.

చూడండి, లెక్కలు, సన్యాసం, డాక్టరీ, ఆయుర్వేదం. నాలుగు గుమ్మాలు తొక్కాడు. ఇరవయ్యెనిమిదేళ్లు వచ్చేస్తున్నాయి. మన ఇళ్లలో అయితే ఈ పాటికి చేతగానివాడనే పేరు స్థిరపడిపోయేది.

రాక్‌ఫెల్లర్ స్కాలర్‌షిప్ మీద మన దేశం వచ్చిన ఓ అమెరికన్ డాక్టరు పరిచయమై, అమెరికా వెళ్లమని ప్రోత్సహించాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత సర్దితే ఓడ ఎక్కారు. బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. చేతిలో డబ్బు ఆడక ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. మడీ తడీ పాటించే ఇంట్లో పెరిగిన మనిషి, పైగా డాక్టరు పట్టా ఉన్న మనిషి. ఆ సంగతి ఆనాడు ఇక్కడి చుట్టాల్లో ఎవరికైనా తెలిసి ఉంటే ఎంత గోలయ్యేదో!

డిప్లొమా అయ్యాక అక్కడే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో తేలిగ్గా కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరు. మా చిన్నది ఆ పేరు పుస్తకంలో చూశానంది! ఆ సుబ్బారావు ఈ సుబ్బారావేనని ఎవరూ చెప్పలేదట. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఆ తర్వాత ఏటీపీని పట్టుకోగలిగారు. మనం కడవ ఎత్తినా, కలం పట్టినా ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీయే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అంత చేసినా హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో విసిగి బయటికొచ్చి లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. అప్పటికి ఆయనకి నలభై అయిదేళ్లు.

అక్కడే పాత బాకీ తీర్చుకున్నారు. ఈ బాకీ కథలో ఓ స్త్రీ కూడా ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం తగ్గిపోతుండడం చూసి, ఈస్టు సారం పెడితే కోలుకుంటున్నారని 1931లో తేల్చింది. అందులో ఏముందో మాత్రం తెలియలేదు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచెయ్యగల దారిని సుబ్బారావు బృందం 1945లో సాధించింది. స్ప్రూ రోగులకి అది ఇస్తే లేచి కూర్చున్నారు. ఎనిమిది రోజుల్లో అన్ననీ తమ్ముణ్నీ మింగిన జబ్బు! ఇరవై ఏళ్లు దాటాక, భూగోళానికి అవతలివైపున దాని మందు ఆయన చేతికి వచ్చింది. గర్భం తొలిరోజుల్లో ఈ మాత్ర వేసుకుంటే బిడ్డకి వెన్నుపాము లోపాలు చాలావరకు రాకుండా కాపాడుతుందని 1991లో ఇంగ్లండు వైద్యులు నిరూపించారు. అది తెలియకముందే ఆయన వెళ్లిపోయారనుకోండి.

ఆ తర్వాతి పనుల గురించి గబగబా చెబుతాను. ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్ ఆయన బృందం తయారుచేస్తే, దానితో 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బుని తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. కీళ్లవాతానికి ఇప్పటికీ వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపించిన పరిశోధనశాలదే, దాన్ని కనిపెట్టినవాడు డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త.

ఒక మందు దగ్గర మాత్రం నేను ఆగాలి. బోదకాలుకి వాడే హెట్రజాన్, 1947లో వచ్చింది. మా నాయనమ్మ కుడికాలు నాకు గుర్తు. చీర కుచ్చెళ్లు కిందికి లాగి దాచుకునేది. పెళ్లిళ్లలో ఎవరూ చూడకుండా ఓ మూల కూర్చునేది. కాలవలు, మురుగు, దోమలు ఉన్న మన గోదావరి జిల్లాల్లో అలాంటి కాలు లేని వీధి ఉండేది కాదు. 2004 నుంచి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో సామూహికంగా మింగించిన డీఈసీ మాత్రలు గుర్తున్నాయా? ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి మింగేదాకా కదలకపోతే మనం విసుక్కునేవాళ్లం. అది ఈ హెట్రజానే. ఇక్కణ్నుంచి వెళ్లినవాడు మళ్లీ రాలేదు గానీ, ఆయన మందు మన గుమ్మందాకా వచ్చింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మళ్లీ రాలేదన్న చోట నాకు గొంతు పట్టేస్తుంది. శేషగిరిగారిని ఇక్కడే వదిలి వెళ్లారు. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. ఇన్ని మందులు కనిపెట్టిన మనిషి భార్యని మళ్లీ కలుసుకోలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయారు. అప్పటికి ఆయన వయసు 53. మన దేశం 1995లో, శతజయంతికి, తపాలాబిళ్ల వేసింది.

జీవితకథలు రాసేవాళ్లు శేషగిరిగారిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేనూ ఇప్పుడు అంతకన్నా ఎక్కువేం చేశాను? ఆయన గొప్పతనాన్ని ఇసుమంతైనా తగ్గించాలని కాదు. చదువు ఖర్చు వెంకమ్మగారి బంగారం, మామగారి డబ్బు, ధర్మసంస్థ సాయం అని లెక్క కడతాం. శేషగిరిగారి ఏళ్లని ఏ పద్దులో వెయ్యాలి?

మా చిన్నదానికి కూడా అక్కడే కోపం వచ్చింది. మెట్రిక్ తప్పినప్పుడు జాలిపడింది, ఖద్దరు గౌనుకి చప్పట్లు కొట్టింది, రాత్రి ఉద్యోగం విని కళ్లు తుడుచుకుంది. భార్య సంగతి వినేసరికి మొహం అటు తిప్పుకుంది. ఆయనకి దారి దొరికింది సరే, మరి ఆవిడకో అని నన్ను నిలదీసింది. పెద్దది మంచం మీంచే, ముందు నా మాత్ర ఇవ్వవే, ఆయన మీద కోపం తర్వాత చూపిద్దువుగాని అని గదమాయించింది. మాత్ర ఇచ్చింది. నీళ్లూ ఇచ్చింది.

సెలవులైపోయి హాస్టల్‌కి వెళ్లిపోయింది. నిన్న వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. పిన్ని మాట వింటుంది కదా, ఏదో ఒకటి తేల్చమని దానికి చెప్పమన్నాడు. ఇంకా ఏడాది టైముంది బావగారూ, పరీక్షలు రాయనివ్వండి అన్నాను. అట్నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, పెద్దదానికి వాంతులు తగ్గాయని చెప్పి పెట్టేశాడు.