సంగీతమునకు లిపి కూర్చిన సుబ్బరామ దీక్షితులు

కొన్ని విద్యలు గ్రంథములందు నిలుచును. కొన్ని గురువు కంఠమునందే నిలుచును. మన సంగీతము చిరకాలము రెండవ తెగకే చెందియుండెను. గురువు పాడగా శిష్యుడు విని, తిరిగి పాడి, తప్పు దిద్దుకొని నేర్చుటయే సంప్రదాయము. ఈ పద్ధతివలన విద్యకు జీవకళ చేకూరినది. కాని తగిన శిష్యుడు లభింపని గురువు గతించిన నాడు ఆయనతోపాటు ఆయన విద్యయు గతించుచుండెను. ఈ నష్టమునకు అడ్డుకట్ట వేసిన మహనీయులలో సుబ్బరామ దీక్షితులు అగ్రగణ్యులు.

సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో తమిళదేశమందలి ఎట్టయపురమున పరమపదించిరి. వారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు ఆ సంస్థానమున ఆస్థాన విద్వాంసులు. పాశ్చాత్యుల వాద్యమైన వయొలీనును కర్ణాటక సంగీతమునకు అలవరచినవారు. ఆయన కుమార్తెకు 1839లో జన్మించిన బాలుడే సుబ్బరాముడు. తాతగారే మనుమని దత్తత చేసికొని సంగీతము నేర్పిరి. తెలుగు, సంస్కృత భాషలు కూడ బాలునికి అలవడెను. ఇట్లు ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు పరుల నోటబడి మారకముందే, ఇంటిసొత్తుగా సుబ్బరామునకు సంక్రమించినవి.

పదునేడవ యేట ఆయన దర్బారు రాగమున ఒక తానవర్ణము రచించిరి. వర్ణమనగా రాగముయొక్క నడకను, ముఖ్యమైన పలుకుబడులను ఒకచోట చూపు రచన. ఇంత చిన్నవానికి ఇది సాధ్యమా, తాతగారి రచన కాదుగదా యని ప్రభువునకు సందేహము కలిగెను. యమున రాగమున మరియొక రచన చేయుమని పరీక్ష పెట్టగా, యువకుడు అందు నెగ్గి సత్కారము పొందెను. 1858లో బాలుస్వామి దీక్షితులు గతించిరి. ఆస్థాన విద్వాంసుని బాధ్యత మనుమనిపై పడెను.

దర్బారు రాగమును తలచినప్పుడు ప్రథమ విద్యార్థి గ్రహింపవలసిన విషయమొకటి కలదు. స, రి, గ, మ, ప, ద, ని యను ఏడు స్వరములలో స, ప మార్పులేనివి. తక్కిన ఐదింటికి హెచ్చుతగ్గు భేదములుండుటచే మొత్తము పండ్రెండు స్వరస్థానములు ఏర్పడును. రి, గ జంటలు ఆరు. ద, ని జంటలు ఆరు. ఆరింటిని ఆరింట హెచ్చించిన 36. శుద్ధమధ్యమముతో 36, ప్రతిమధ్యమముతో 36, వెరసి 72 మేళములు. ఇంతవరకు లెక్క. కాని దర్బారు, నాయకి రాగములు రెండును ఒకే మేళమున పుట్టినవి. రెండింట స్వరస్థానములును ఒకటే. అయినను చెవిగలవాడు ఒకదానిని మరియొకటిగా పొరబడడు. స్వరములు కదలు తీరు, నిలుచు కాలము, ఊగు విధము వేరగుటయే దానికి కారణము. ఈ ఊపులకే గమకములని పేరు. స్వరములు రాగమునకు అస్థిపంజరమైనచో గమకము ప్రాణము.

ఆ ప్రాణమును కాగితముపై నిలుపుట ఎట్లు? ఈ ప్రశ్న దీక్షితులవారి ముందుకు చిన్నస్వామి మొదలియారుగారి మూలమున వచ్చినది. మద్రాసు సచివాలయోద్యోగియగు ఆ క్రైస్తవ విద్వాంసుడు మన కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో ముద్రింప పూనుకొని, అందుకై కష్టార్జితమును వెచ్చించి, తుదకు చూపును కూడ కోల్పోవుచుండెను. 1899లో ఎట్టయపురమున జరిగిన పట్టాభిషేకమునకు పోయి, దీక్షితులవారి విద్యను లోకమునకు వెల్లడింపజేయుమని ఆయన ప్రభువును అర్థించెను. విద్యను వంశధనముగా దాచుకొను కాలమది. అరువదియేండ్ల వృద్ధుడు తన పెన్నిధిని ఊరివారికెల్ల పంచుటకు సిద్ధపడుట సామాన్యవిషయము కాదు.

దీక్షితులు తెలుగు లిపినే ఆధారముగా గైకొనిరి. తెలుగు గుణింతము ఆయనకు చక్కగా తోడ్పడెను. 'స' యని హ్రస్వముగా వ్రాసిన ఒక అక్షరకాలము. 'సా' యని దీర్ఘముగా వ్రాసిన రెండు. ఛందస్సునందలి లఘుగురువుల వంటిదే ఈ లెక్క. స్వరముపై చుక్క పెట్టిన తారస్థాయి. క్రింద పెట్టిన మంద్రస్థాయి. చుక్క లేనిది మధ్యస్థాయి. వీనికి తోడు గమకములకు వేరు వేరు గుర్తులు ఏర్పరచిరి. స్వరమును ఊపుట కంపితము. జంటస్వరమున రెండవదానిని క్రింది స్వరముతో తాకి పలికించుట స్ఫురితము. ఒక స్వరమునుండి మరియొకదానికి తెగక సాగిపోవుట జారు. ఇట్టివి మరికొన్ని. ఇన్ని చిహ్నములను అక్షరములపై కూర్చి అచ్చువేయుట ఆనాటి ముద్రాపకులకు ఎంతటి శ్రమయో ఊహింపవచ్చును.

ఆ శ్రమ 1904లో ఫలించెను. ఎట్టయపురము విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో సుమారు 1,700 పుటల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడెను. 72 మేళముల క్రమమున రాగలక్షణములు, గీతములు, ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు 200కు పైగా, వాగ్గేయకారుల చరిత్రలు ఇందు కలవు. తమిళదేశమున తెలుగులో వెలసిన ఈ గ్రంథమును మద్రాసు సంగీత అకాడమీ 1961 మొదలుకొని తమిళ లిపిలో ప్రకటించెను.

ఇంతటి గ్రంథము వ్రాసిన పిమ్మట దీక్షితులు విశ్రమింపలేదు. మరుసటి ఏడే 'ప్రథమాభ్యాస పుస్తకము'ను ప్రకటించిరి. సంగీతమున ఓనమాలు దిద్దు బాలుర కొరకు, విద్వాంసులకే కొరుకుడుపడని మహాగ్రంథమును రచించిన చేయియే ఈ చిన్నపుస్తకమును వ్రాసినది. 1906లో ఆయన కీర్తిశేషులైరి. ఎట్టయపురమున పుట్టిన కవి సుబ్రహ్మణ్య భారతి ఆయనను గూర్చి స్మృతిపద్యములు రచించెను.

గురుముఖము లేక సంగీతము రాదనుమాట నేటికిని సత్యమే. గుర్తు చూచినంతమాత్రమున గమకము కంఠమునకు రాదు. కాని గురువు గతించిన పిమ్మట, ఆయన ఎట్లు పాడెనో తెలియగోరు శిష్యునకు ఆ గుర్తే శరణ్యము. పాఠము చెప్పు ప్రతి ఉపాధ్యాయుడును, వ్రాసికొను ప్రతి విద్యార్థియు ఈ వృద్ధవిద్వాంసుని ఒకసారి తలచుకొనదగును. తెలిసినదానిని దాచక, చెడక, చక్కగా వ్రాసిపెట్టుటయు విద్యాదానమే.